ఎర్ర మొలతాడు

పోయిన వారం మిమ్మల్ని ఉతుకు గదిలో, ఆవిరి మధ్యలో నిలబెట్టి నా దారిన నేను వెళ్ళిపోయాను. అందుకు ఊళ్ళో నాకు పడిన తిట్లు రాస్తే పత్రికవాళ్ళు అచ్చు వెయ్యరు. రొట్టెల కొట్టు ఆవిడైతే పొరల రొట్టె బూరెక్‌లో మాడిన ముక్క ఏరి మరీ నా చేతిలో పెట్టింది. అందుచేత ముందు ఎక్కడున్నామో చెప్పేసి, ఆ తర్వాతే నడుస్తాను.

రెండు వేల పద్నాలుగు, అక్టోబరు. ఊరంతా ఎర్ర మిరపకాయలు కాల్చే వాసన. మా ద్రెనోవిక్ ఫుట్‌బాల్ క్లబ్బులో బట్టలు, బూట్లు, బంతులు చూసుకునే జివాదిన్‌ని నేనే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేనే. మా ముందువరసలో ఆడే చైనా కుర్రాడు గూ చెంగ్‌యువాన్. పుట్టింది దాల్యన్ ఊళ్ళో. అక్కణ్ణుంచి పోర్చుగల్ రెండో డివిజన్‌కి వెళ్ళి రెండేళ్ళు బెంచీ మీద కూర్చున్నాడు. తిరిగి చైనాలో షెన్‌యాంగ్ వెళ్ళి ఒక సీజన్ ఆడి, అక్కడా పొసగక మా మొరావా నది ఒడ్డుకి వచ్చిపడ్డాడు. పద్నాలుగు నెలల్లో పంతొమ్మిది గోల్స్ కొట్టాడు. ఇప్పుడు పోర్చుగల్ మొదటి డివిజన్ క్లబ్బొకటి వాణ్ణి అడుగుతోంది. ఆ క్లబ్బు పంపిన మనిషి ఫెర్దో, స్లొవేనియావాడు, ఆదివారం ఆట చూశాడు. గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి సంతకం. ఆ క్లబ్బుకి ఒకటే పట్టింపు: ఇరవై మూడు దాటినవాణ్ణి తీసుకోరు. గూ కాగితంలో పుట్టిన సంవత్సరం తొంభై రెండు. అంటే ఇరవై రెండు. బాగానే ఉంది కదా.

ఆదివారం ఆట బురదలో జరిగింది. మా మైదానం సంగతి మీకు తెలుసు. పక్కనే రైలు పట్టాలు. వెనకటికి మా గోలీ కొట్టిన బంతి గూడ్సు పెట్టెలో పడి, థెస్సలొనీకి దాకా పోయి, మూడో రోజు అదే బండిలో తిరిగొచ్చింది. మేము ఇంకా ఆ ఆటే ఆడుతున్నాం కాబట్టి అది చెల్లింది కూడా. దీన్ని నమ్మనివాళ్ళు ఈ వారం భాగం ఇక్కడే ఆపేసి మిరపకాయలు కాల్చుకోవచ్చు, ఎందుకంటే ఇకముందు చెప్పబోయేది ఇంతకన్నా నమ్మశక్యం కానిది. పైగా నిజం.

మంగళవారం నేను యంత్రం మూత తీసేసరికి పద్నాలుగు తెల్ల చొక్కాలు గులాబీ రంగుకి తిరిగి ఉన్నాయి. అడుగున, గూ నిక్కరు మడతలో, తెగిన ఎర్ర తాడు ఒకటి. చేత్తో అల్లినది, నడుముకి కట్టుకునేది. మా భాషలో దానికి పేరు లేదు. పోయిన వారం దాన్ని పిండుతూ ఆపాను. ఇక పదండి.

---

బుధవారం పొద్దున్నే ఆ తాడుని పాత పేపర్లో చుట్టి జాస్నా కొట్టుకి వెళ్ళాను. ఈ దేశంలో చర్చి లేని ఊరైనా ఉంటుందేమో గానీ చైనా కొట్టు లేని ఊరు ఉండదు. జాస్నా అసలు పేరు పాన్ సుయిలాన్. అది మాకెవరికీ నోరు తిరగక జాస్నా అని పెట్టాం. పదకొండేళ్ళుగా ఆమె ఆ పేరుకే పలుకుతోంది, ఆ పేరుతోనే మాకు చొక్కాలు అంటగడుతోంది. చొక్కాల మరక వదిలే మందు కావాలన్నాను. రంగు వదిలే సరుకు ఊరి మీదకి తోలింది నువ్వేనా అని నిలదీసే ఉద్దేశం కూడా లేకపోలేదు.

పేపరు విప్పి బల్ల మీద పెట్టాను. ఆమె వేలితో తాకి, వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇది కొట్టు సరుకు కాదు జివా బాబాయ్. ఇంట్లో అల్లింది. తల్లో, అమ్మమ్మో." తిరగేసి చూసింది. లోపలివైపు పసుపు దారంతో గోరంత బొమ్మ కుట్టి ఉంది. నాకు అది దారం ముడి అనిపించింది. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుంది. "గుర్రం. ఈ ఏడు గుర్రం ఏడు కదా. ఎవరి ఏడు ఇది?"

ఏడుకి యజమాని కూడా ఉంటాడా అని నవ్వాను. ఆమె నవ్వలేదు. కస్టమర్లు ఎవరూ లేరు గనక ఓపిగ్గా చెప్పింది. వాళ్ళ లెక్కలో పన్నెండేళ్ళకి పన్నెండు జంతువులు. ఎవరు ఏ జంతువు ఏట పుడితే, పన్నెండేళ్ళకోసారి ఆ ఏడు వాళ్ళ మీదకి తిరిగొస్తుంది. వచ్చిన ఏడు మంచిది కాదు. అదృష్టం ఒళ్ళు విరుచుకుని పడుకుంటుంది. అందుకని ఆ ఏడంతా ఒంటి మీద ఎర్రది ఏదో ఒకటి ఉండాలి. తాడో, లోపలి బట్టో, మేజోళ్ళో. స్నానానికి కూడా విప్పరు.

"వేడుకకి ఎవరైనా కట్టుకోవచ్చేమో" అన్నాను.

"నీ పుట్టినరోజు కేకు పక్కింటాయన కోస్తాడా? ఎవరి ఏడు వాళ్ళే కట్టుకుంటారు."

నాకు లెక్కలు నేర్పిన మాస్టారు గొర్రెలు కాసుకుంటూ నేర్పాడు. అయినా ఇది తేలికే. గుర్రం ఏట పుట్టినవాడికి ఈ ఏడు పన్నెండు నిండాలి, లేకపోతే ఇరవై నాలుగు, లేకపోతే ముప్ఫై ఆరు. పన్నెండేళ్ళవాడు గోలీ చేతులు వాచిపోయేలా కొట్టలేడు. ముప్ఫై ఆరేళ్ళవాడు ఆ బురదలో తొంభై నిమిషాలు పరిగెత్తి, ఆ పైన నా భార్య వండిన క్యాబేజీ ఆకు చుట్టలు, మా సర్మా, పదిహేను తినలేడు. మిగిలింది ఒకటే అంకె. అది కాగితంలో ఉన్న అంకె కాదు.

నేను వేళ్ళు మడుస్తుంటే జాస్నా చూసింది. ఎవరి నడుము గురించి మాట్లాడుతున్నామో అప్పుడు తట్టింది ఆమెకి. తాడుని మళ్ళీ పేపర్లో చుట్టి నా వైపు తోసింది. తనేమీ చెప్పలేదంది, నేనేమీ వినలేదంది. మందు సీసా పైన ఊరికే రెండు సబ్బులు కూడా పెట్టింది. జాస్నా ఊరికే ఏదైనా ఇచ్చిందంటే ఊరు భయపడాలి.

గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి అంది.

"ఇది అడిగినవాళ్ళలో నువ్వు రెండోవాడివి."

సోమవారం ఫెర్దో వచ్చాడట. ఎర్ర మేజోళ్ళు ఒక జత కొన్నాడట. కొంటూ, మీవాళ్ళు వీటిని ఎప్పుడు తొడుగుతారు, ఎవరు తొడుగుతారు అని ముచ్చటగా అడిగాడట. సరుకు కొన్నవాడికి మర్యాదగా జవాబు చెప్పింది. అంతా విని, గురువారం కాగితాలు చదివి వినిపించడానికి రమ్మన్నాడట. ఆటగాడికి వాడి సొంత భాషలోనే చదివి చెప్పాలని వాళ్ళ క్లబ్బు నియమం, చదివే మనిషికి ఇటు మాతోగానీ అటు ఏజెంటుతోగానీ సంబంధం ఉండకూడదు అన్నాడట.

దారిపొడుగునా నాకు ఆదివారం ఆట కళ్ళ ముందు ఆడింది. తడిసిన తెల్ల నిక్కరు, లోపలినుంచి ఎర్రగా కనబడే గీత. మేమంతా బంతిని చూస్తున్నాం. ఫెర్దో నడుము చూశాడు. చూసి, సోమవారం తెలుసుకుని, మంగళవారం మా ప్రెసిడెంటు ఒబ్రాద్ ఇంట్లో భోజనం చేసి, గూ భుజం తట్టి, ఒక్క మాట కూడా అనలేదు. తెలియక అరిచేవాడితో ఇబ్బంది లేదు. తెలిసి కాఫీ తాగేవాడితోనే.

---

మధ్యాహ్నం ఇస్త్రీ గదిలోకి గూ తనంతట తనే వచ్చాడు. పొద్దుటినుంచి బట్టలు మార్చుకునే గదిలో ప్రతి అరా తిరగేస్తున్నాడని విన్నాను. ఏం పోయిందిరా అంటే ఏమీ లేదన్నాడు. వాడు మా భాష నేర్చుకున్నది మా వెనకవరస ఆటగాళ్ళ దగ్గర, అందుచేత మూడు మాటలకి ఒకటి నేను ఇక్కడ రాయలేను. మిగతావి రాస్తాను.

చొక్కా మీద ఇస్త్రీ తోస్తూ, తల ఎత్తకుండా అడిగాను. "మీవాళ్ళకి ఏటికో జంతువట కదా. నీదేంట్రా?"

"కోతి" అన్నాడు, నా మాట పూర్తి కాకముందే. కాగితంలోని తొంభై రెండుకి సరిపోయే జంతువే.

"ఇంత తొందరగా నువ్వు ఎప్పుడూ పాసు ఇవ్వలేదు" అన్నాను. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, జేబులోంచి పేపరు తీసి, తాడుని బల్ల మీద పరిచాను. పసుపు దారం పైకి కనబడేలా.

వాడు ముందు తాడుని చూడలేదు. తలుపుని చూశాడు. వెళ్ళి గడియ పెట్టి వచ్చాడు. పద్నాలుగు నెలలు నా బల్ల దగ్గర అన్నం తిన్న కుర్రాడు, మా ఇంటి పండక్కి కొవ్వొత్తి పట్టుకు నిలబడ్డవాడు, మొదటిసారి నన్ను పోలీసుని చూసినట్టు చూశాడు.

ఆ తర్వాత కూర్చుని చెప్పాడు. వాడు దాల్యన్ బంతి బడిలో ఉన్నప్పటి సంగతి. పదకొండేళ్ళప్పుడు ఒక చలికాలం కోచ్ వాడి ఈడు పిల్లలందరి ఇంటి పుస్తకాలూ తెమ్మన్నాడు, పుట్టుకలూ చావులూ ఎక్కించే పుస్తకాలు. నెల తిరిగాక తిరిగి ఇచ్చాడు. ముప్ఫై ఒక్కమందీ రెండేళ్ళు చిన్నవాళ్ళయిపోయారు. తమకన్నా చిన్నపిల్లలతో పోటీలు ఆడి కప్పులు గెలవడానికి. పెద్దవాళ్ళెవరూ మాట్లాడలేదు. అన్ని బళ్ళలోనూ అదే చేస్తున్నారు, మా బడే ఎందుకు వెనకబడాలి అన్నారట. ఆ వెంటనే గుర్రం ఏడు వచ్చింది. పిల్లలకి నిజంగా పన్నెండు. ఇళ్ళల్లో తల్లులు ఊరుకుంటారా? ఒక్కొక్కళ్ళ నడుముకీ ఎర్ర తాడు కట్టి పంపారు. స్నానాల గదిలో కోచ్ చూశాడు. కాగితంలో పదేళ్ళున్న పిల్లలు ముప్ఫై ఒక్కమంది, నడుముకి పన్నెండేళ్ళ తాళ్ళు. తనిఖీకి వచ్చిన గుడ్డివాడైనా లెక్కపెట్టేస్తాడు. వరసలో నిలబెట్టి, అన్నీ కత్తిరించి, బకెట్లో వేసి పట్టుకుపోయాడు. ఆ ఏడే గూ కుడికాలి ఎముక విరిగింది.

"అది ఆటలో విరిగుంటుంది" అన్నాను.

"మెట్లమీద విరిగింది బాబాయ్. బంతి కూడా లేదు." తాడు చివర వేలికి చుట్టుకున్నాడు. "కాగితాన్ని మోసం చేశాం, సరే. ఏడుని మోసం చెయ్యలేంరా అంది మా అమ్మ. ఈసారి తనే అల్లి ఎండు పుట్టగొడుగుల పార్సెల్‌లో పెట్టి పంపింది. రోజూ ఫోన్లో అడుగుతుంది, ఉందా అని."

నేను ముసలివాణ్ణి, తొందరగా కరుగుతాను. అందుకే కరగకుండా గట్టిగా పట్టుకున్నాను. ఇంత నున్నగా ఇన్నాళ్ళు దాచినవాడు ఇవాళ చెబుతున్నది నిజమేనా, లేక ఇంకో కాగితమా? ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదన్నాను. చెబితే ఒబ్రాద్ నన్ను మొదటి బస్సులో ఎక్కించేవాడు కాదా అన్నాడు. అది నిజమే. ఒబ్రాద్ అయితే బస్సు వచ్చేదాకా కూడా ఆగడు.

అప్పుడు ఫెర్దో సంగతి చెప్పాను. మేజోళ్ళ సంగతి, జాస్నా సంగతి. గూ లేచి నిలబడ్డాడు.

"ఎవరు చెప్పారు వాడికి? నువ్వా?"

"నేను చెబితే నీ దగ్గరకెందుకొస్తాను? నీ నడుమే చెప్పింది." వాడు నన్ను నమ్మలేదు. నేను వాణ్ణి నమ్మలేదు. ఇద్దరం ఆ తాడుకి చెరో చివర నిలబడ్డాం. "విను. రేపొక్కరోజు ఇది నా దగ్గర ఉంచు. అడిగితే కోతి అను. మేజోళ్ళు చూపించి ఎవడూ వయసు నిరూపించలేడు."

"కోతి అంటే నమ్ముతాడా?"

"నమ్మడు. కానీ ఏం చెయ్యలేడు."

ఇది పోతే తనకి ఇంకో క్లబ్బు లేదన్నాడు. పోర్చుగల్‌లో బెంచీ అయింది, షెన్‌యాంగ్‌లో కోచ్ పేరు కూడా సరిగ్గా పలకలేదు, ఈసారి ఉత్తచేతులతో వెళితే దాల్యన్‌లో బడిపిల్లలకి ఈల ఊదే ఉద్యోగం తప్ప మిగిలేది ఏమీ లేదు. ఇంటి పుస్తకాలు తెమ్మనే ఉద్యోగం, అన్నాడు మెల్లిగా. అంతా అన్నాక, తాడు తీసుకుని, తెగినచోట ముడేసి, ఇంకా తడిగా ఉండగానే నడుముకి కట్టుకున్నాడు. నా సలహా ఇస్త్రీబల్ల మీదే ఉండిపోయింది.

---

గురువారం పన్నెండింటికి ఒబ్రాద్ గదిలో ఐదుగురం ఉన్నాం. నన్ను పిలిచింది మా పళ్ళ సారా, రాకియా, పొయ్యడానికి, ఫోటోకి గులాబీ రంగు పోయిన చొక్కా ఒకటి తేవడానికి. ఒబ్రాద్ కొత్త టై కట్టాడు. జాస్నా పెళ్ళిళ్ళకి వేసుకునే కోటు వేసుకుని వచ్చింది, నా వైపు చూడలేదు. ఫెర్దో కాఫీలో చక్కెర కలుపుతూనే ఉన్నాడు, తాగలేదు.

జాస్నా కాగితాలు ఒక్కొక్కటే చదివింది. మూడేళ్ళ ఒప్పందం. ఇల్లు. డాక్టరు పరీక్ష. గూ ప్రతిదానికీ తల ఊపాడు. చివరి పేజీ అయ్యాక ఒబ్రాద్ కలం అందించబోయాడు. ఫెర్దో చేత్తో ఆపాడు, నవ్వుతూనే. కాగితంలో లేని ప్రశ్న ఒకటుంది, ఊరికే సరదాకి అన్నాడు. కుర్రాడిది ఏ జంతువు ఏడో అడగమన్నాడు.

జాస్నా చేతిలో కాగితం కాస్త వంగింది. ఒబ్రాద్‌కి ఇది జాతకాల కబురనిపించి, తను వృషభమని, వాళ్ళావిడ వృశ్చికమని గొప్పగా చెప్పాడు. జాస్నా చైనా భాషలో అడిగింది, చాలా మెల్లిగా. నాకు ఆ భాష రాదు. కానీ ఆమె అడిగిన తీరులో ప్రశ్నకన్నా బతిమాలడం ఎక్కువుంది. కోతి అను, అని నేను లోపల్లోపల అంటున్నాను. ఒక్క మాట. నిన్న ఎంత తొందరగా అన్నావురా.

గూ అనువాదం కోసం ఆగలేదు. మా భాషలోనే, ఫెర్దో ముఖంలోకి చూస్తూ అన్నాడు.

"గుర్రం. నాకు ఇరవై నాలుగు."

ఒబ్రాద్ కుర్చీ కిర్రుమంది. ఏమిటీ, ఏమిటీ, అంటూ మా ముగ్గురి ముఖాలూ చూశాడు. మాకు ముందే తెలుసని గ్రహించి, అందరికన్నా ఎక్కువ నా మీద మండిపడ్డాడు. ఫెర్దో మాత్రం చెంచా పక్కన పెట్టి మొదటి గుక్క కాఫీ తాగాడు.

"తెలుసు" అన్నాడు. "నువ్వు కోతి అనుంటే ఈపాటికి కోటు తొడుక్కునేవాణ్ణి. ఇరవై నాలుగేళ్ళ కాళ్ళు కూడా నాకు పనికొస్తాయి. క్లబ్బుని నేను ఒప్పిస్తాను, నీ వయసు సరిచేయిస్తాను, నువ్వు ఆడతావు." గూ ఊపిరి వదలడం నాకు వినబడింది. ఒబ్రాద్ చెయ్యి మళ్ళీ కలం వైపు పాకింది. "కానీ క్లబ్బుకి ఉత్తచేతులతో వెళ్ళి చెప్పలేను కదా."

కోటు లోపలి జేబులోంచి ఫోటో ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. మంచు పడ్డ మైదానంలో రెండు వరసల పిల్లలు. రెండో వరసలో ఒక ముఖం మీద వేలు పెట్టాడు. ఆ పక్క ముఖం గూదని నేను కూడా పోల్చగలిగాను.

"లూ జింగ్‌పెయ్. మీ బడే. రెండేళ్ళుగా మా దగ్గరున్నాడు. మోకాలు బాగా లేదు, పోయిన నెలే భార్యని తెచ్చుకున్నాడు, ఇంకో మూడేళ్ళ కాగితం అడుగుతున్నాడు. వాడూ తొంభై రెండే అంటున్నాడు. వాణ్ణి వదిలించుకోవడానికి మాకు కారణం కావాలి." ఫెర్దో గొంతు స్నేహంగానే ఉంది. "నీది అడిగాను, చెప్పావు. ఇప్పుడు వాడిది చెప్పు. గుర్రమా, కోతా? చెబితే ఇప్పుడే సంతకం. చెప్పకపోతే సాయంత్రం విమానానికి నాకు టైముంది."

జవాబు ఆ గదిలో నాకూ తెలుసు. ముప్ఫై ఒక్కమందిలో ఒక్కడి ఏడు చెబితే మిగతా ముప్ఫైమందివీ చెప్పినట్టే. ఫెర్దో ఇన్నాళ్ళు కాఫీ తాగుతూ కూర్చున్నది ఎవరి నడుము కోసమో నాకు అప్పుడు అర్థమైంది. అది గూ నడుము కాదు.

బల్ల కింద ఒబ్రాద్ బూటు గూ కాలిని తన్నింది. కుడికాలినే.

గూ ఫోటోని దగ్గరికి లాక్కుని చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను, కిటికీ అవతల గూడ్సు బండి మొదలునుంచి చివరిదాకా వెళ్ళిపోయింది. తర్వాత ఫెర్దో వైపు కాక జాస్నా వైపు తిరిగి, చైనా భాషలో ఒక్కమాట అన్నాడు. ఒకే ఒక్క మాట.

జాస్నా ముఖం మారింది. చదివిన కాగితాలు అంచులు సరిచేసి బల్ల మీద పెట్టింది. చేతిసంచి తీసుకుని లేచింది.

"ఏమన్నాడు? చెప్పు జాస్నా" అన్నాడు ఒబ్రాద్.

"కాగితాలు చదవమన్నారు, చదివాను. మాటలు మొయ్యడానికి రాలేదు." కోటు బొత్తాలు పెట్టుకుంటూ గుమ్మం వైపు నడిచింది. దాటేముందు గూ వైపు చూసింది. ఆ చూపు జాలో అసహ్యమో, పదకొండేళ్ళు ఆమెతో బేరాలాడిన నాకే తెలియలేదు.

తలుపు పడింది. జాస్నా ముఖంలోనే జవాబు చదివేసిన ఫెర్దో ఇంకేమీ అడగలేదు. కలం మూత తీశాడు.